ఫిర్యాదు ఉపసంహరణ ఖులాకు వెల కారాదు

విడాకుల వివాదం నడుస్తుండగా భార్య మహిళా కమిషన్‌ను ఆశ్రయించిందని తెలియగానే మన మొహల్లాలలో మొదట వినబడే మాట, "ఇంటి పరువు బజారుకెక్కించింది" అన్నదే. ఆమెకు మహర్ ముట్టిందా, పిల్లల పోషణ ఎవరు చూస్తున్నారు అని అడిగేవారు అరుదు. ఆ వెంటనే రాజీ పేరిట ఒక షరతు వస్తుంది: "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటేనే ఖులాకు ఒప్పుకుంటాం." ఈ షరతు అన్యాయమని మేము నిర్ద్వంద్వంగా చెబుతున్నాము.

ముందుగా కమిషన్ అంటే ఏమిటో తెలుసుకోవాలి. 1990 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన జాతీయ మహిళా కమిషన్ 1992 నుండి పనిచేస్తున్నది. రాష్ట్రాలలోనూ మహిళా కమిషన్లు ఉన్నాయి. విచారణలో వ్యక్తులను పిలిపించడానికి, పత్రాలు తెప్పించడానికి జాతీయ కమిషన్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. అయితే అది విడాకులు మంజూరు చేయజాలదు. మనోవర్తిని, పిల్లల సంరక్షణను తేల్చజాలదు. అవి న్యాయస్థానాల పనులు. కనుక ఫిర్యాదు అందినంత మాత్రాన భర్త దోషి కాడు. అలాగని నోటీసును చెత్తబుట్టలో వేయడమూ తగదు. కోర్టు కేసు నంబరు, ఖర్చులకు సొమ్ము పంపిన రసీదులు జతచేసి, గడువులోగా లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. ఆరోపణ అబద్ధమైతే దానికి సమాధానం పత్రాలతో చెప్పాలి గాని, ఆమె శీలంపై నింద వేయడంతో కాదు.

మన సోదరీమణులకూ ఒక మాట. కమిషన్‌కు ఫిర్యాదు చేశాం కదా అని కోర్టు వాయిదా మానుకోకండి. కేసు నడుస్తున్న సంగతి ఫిర్యాదులో దాచకండి. కోర్టులో ఒకటి, కమిషన్‌లో మరొకటి చెప్పకండి. నికాహ్‌నామా, పెట్టిన సామాను జాబితా, వైద్య పత్రాల నకళ్లు దగ్గర ఉంచుకోండి. చదివి వినిపించని రాజీ కాగితంపై, అది ఏ భాషలో ఉన్నా, సంతకం చేయకండి.

ఇక పెద్దలతో మా వాదం. దంపతుల మధ్య కలహం ముదిరినప్పుడు భర్త తరఫున ఒకరు, భార్య తరఫున ఒకరు మధ్యవర్తులుగా కూర్చోవాలని దివ్యఖుర్ఆన్ నిసా సూరాలో ఆదేశించింది. అంటే ఆమె పక్షానికి సమాన పీఠం ఉందన్నమాట. మన పంచాయితీలలో ఆ పీఠం ఎక్కడ? సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య విడిపోవాలని కోరినప్పుడు, మహర్‌గా పొందిన తోటను తిరిగి ఇప్పించి దైవప్రవక్త (సఅసం) ఆమెను విముక్తురాలిని చేశారు. ఆమె నోటికి తాళం వేయమనలేదు. భర్త అంగీకారం లేకపోయినా ఖులా కోరే హక్కు భార్యకు ఉందని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో స్పష్టం చేసింది. హక్కుగా దక్కవలసినదాన్ని బేరానికి పెట్టే అధికారం మనకెవరిచ్చారు?

విడాకులు పొందిన ముస్లిం మహిళకు ఇద్దత్ గడువులోగా భవిష్యత్తుకు సరిపడు ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. సాధారణ చట్టం కింద కూడా ఆమె మనోవర్తి కోరవచ్చునని, తెలంగాణ నుండి వెళ్లిన కేసులోనే 2024 జూలైలో తీర్పిచ్చింది. ఈ హక్కులన్నిటినీ ఒక్క సంతకంతో వదులుకోమనడం రాజీ కాదు.

మన ఆడపడుచుల కన్నీటిని మన ధర్మంపై దాడికి ఆయుధంగా వాడుకునేవారున్నారు, నిజమే. ఆమెను నోరెత్తనీయకపోతే వారి చేతికి మరో ఆయుధం అందించినవారమవుతాము. మన గడపలోనే న్యాయం దొరికితే ఆమె కమిషన్ గడప ఎందుకు తొక్కుతుంది?

కమిషన్‌లనూ మేము అడుగుతున్నాము: కౌన్సెలింగ్ పేరిట "సర్దుకుపొమ్మ"ని ఒత్తిడి చేయకండి, ఆమెకు వచ్చిన భాషలోనే ఆమె మాట వినండి. మసీదు కమిటీలు, ఖాజీలు ఈ నెలలోనే తీర్మానించాలి: ఫిర్యాదు ఉపసంహరణ షరతు ఉన్న ఏ ఖులా పత్రానికీ సాక్షులుగా నిలవబోమని, వివాదాలు వినే ప్రతి బైఠక్‌లో స్త్రీలను కూర్చోబెడతామని. న్యాయం జరిగిందని తృప్తి చెందిన స్త్రీ తన ఫిర్యాదును తానే వెనక్కి తీసుకుంటుంది. ఆ నిర్ణయం ఆమెకే విడిచిపెట్టాలి.