రాయడం రానిది మనకే

"మోడల్‌కి బుర్ర లేదు." ఏఐ ఏజెంట్ ఏ తప్పు చేసినా మా టీమ్‌లో మొదట వినిపించే మాట ఇదే. నేనూ అన్నాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఆమధ్య ఒక ప్రాజెక్టులో మందుల ఆర్డర్లు చూసుకునే ఏజెంట్ ఉండేది. ఒకాయన తన ఆర్డర్‌లోంచి విటమిన్ మాత్రలు తీసేయమన్నాడు. అది ఆర్డర్ మొత్తం రద్దు చేసేసింది. అందులో ఇన్సులిన్ కూడా ఉంది. ఆయన చూసుకుని ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది. మీటింగులో అందరం మోడల్‌ని తిట్టాక, ఆ టూల్ డిస్క్రిప్షన్ తెరిచి చూశాను. "ఆర్డర్ రద్దు చేస్తుంది." అంతే. మొత్తం ఆర్డరా, ఒక్క వస్తువా? రద్దయ్యాక వెనక్కి తేవచ్చా? ఒక్క వస్తువు తీయడానికి వేరే టూల్ ఉందని ఎక్కడైనా చెప్పామా? లేదు. ఆ మూడు మాటల వాక్యం రాసింది నేనే.

మామూలుగా ఏజెంట్‌కి టూల్ వెనకున్న కోడ్ కనబడదు. దానికి అందేది టూల్ పేరు, డిస్క్రిప్షన్, ఏ వివరాలు ఇవ్వాలో చెప్పే పట్టిక. ఆ కాస్త వచనం చదివే ఏ టూల్ ఎప్పుడు వాడాలో తేల్చుకుంటుంది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' విడుదల చేశాక, మనం రాసిన టూల్‌ని ముక్కూమొహం తెలీనివాళ్ల ఏజెంట్ కూడా వాడొచ్చు. పక్క సీటువైపు తిరిగి "ఇదేంటి బాస్?" అని అది అడగలేదు.

చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణాన్ని సూత్రాల్లో రాశాడు. సూత్రం క్లుప్తంగా ఉన్నా ఫర్వాలేదు, విప్పిచెప్పడానికి గురువులున్నారు, వ్యాఖ్యానాలున్నాయి. మనమూ సూత్రాలే రాస్తున్నాం. వ్యాఖ్యానం మాత్రం కోడ్‌లో దాచేస్తున్నాం.

"రేపటి మోడళ్లు ఇంకా తెలివైనవి, అవే గ్రహిస్తాయి" అంటారు. ఏమిటి గ్రహించేది? రద్దు చేస్తే తిరిగిరాదన్న సంగతి ఎక్కడా రాసి లేకపోతే ఎంత తెలివైనవాడైనా ఊహించాల్సిందే. కోడ్‌లోనూ అడ్డుకట్ట వేయాలి, నిజమే. అది వేశాం కదా అని వాక్యాన్ని గాలికొదిలేయకూడదు. అలాగని పేజీలకు పేజీలు నింపమనడం లేదు. మోడల్ ఒకేసారి చదవగలిగేదానికి హద్దుంది, ప్రతి మాటా అందులో చోటు తింటుంది.

చివరికి నేను రాసింది ఇది: "ఆర్డర్ మొత్తాన్ని రద్దు చేస్తుంది, మళ్లీ వెనక్కి తేలేం. కొన్ని వస్తువులే తీసేయాలంటే దీన్ని వాడొద్దు, వస్తువు తొలగించే టూల్ వాడాలి. ముందు కస్టమర్‌ని అడిగి అవుననిపించుకోవాలి. ఆర్డర్ నంబర్ ఇవ్వాలి, ఫోన్ నంబర్ కాదు." ఇందులో సాంకేతిక జ్ఞానం ఎంత? చదివేవాడికి ఏం తెలీదో ఆలోచించడం, అంతేగా.

మనలో చాలామందిమి పగలు కోడ్ రాసి రాత్రి కవిత్వం చదివేవాళ్లం. కవితలో ఒక్క మాట కోసం గంటసేపు కొట్టుకుంటాం. ఈ వచనాన్ని మాత్రం ఆటోకంప్లీట్‌కి వదిలేస్తాం, అది రచనే కాదన్నట్టు. రేపు కోడ్ రివ్యూలో ఆ నాలుగు వాక్యాలూ చదవండి. అర్థం కాకపోతే వెనక్కి పంపండి, రాసింది నేనైనా సరే.