కాస్త ఖామోష్, సూపర్‌హీరో సాబ్!

పోయిన ఆదివారం మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ ఎత్తేశాక పిల్లలు టీవీ ముందు చేరారు. 'యాంట్ మ్యాన్ అండ్ ద వాస్ప్: క్వాంటమేనియా', తెలుగు డబ్బింగ్. మా అమ్మీ తఖ్త్ మీద కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటోంది. ఆమెకు డెబ్బై ఆరేళ్ళు. కళ్ళు బాగానే ఉన్నాయి, చెవులే కాస్త మొరాయిస్తున్నాయి. అరగంట చూసి, వెల్లుల్లి గిన్నె పక్కన పెట్టి అంది:

"కైకూ ఇత్తా బోల్‌తయ్ రే ఇనో? కుచ్ కర్‌తేచ్ నై."

ఎందుకురా వీళ్ళు ఇంతగా మాట్లాడతారు, ఏమీ చేయరేం, అని. పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. సినిమా గురించి పేజీలకు పేజీలు రాసేవాళ్ళు చెప్పాల్సిన మాట మా అమ్మీ వెల్లుల్లి ఒలుస్తూ చెప్పేసింది.

ముందే ఒక మాట. సూపర్‌హీరో సినిమాలంటే నాకు చులకన లేదు. 2008లో 'ఐరన్ మ్యాన్' వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను. నా షికాయత్ ఒక్కటే. తెలుగులో ఖులాసా అంటే తీరిక, హాయి. ఉర్దూలో ఖులాసా అంటే సారాంశం. ఈ సినిమాల్లో ఉర్దూ ఖులాసా పెరిగిపోయి తెలుగు ఖులాసా మాయమైపోయింది. ఎవరో ఒకరు నిలబడి, ఇప్పటిదాకా జరిగింది ఏమిటో, ఇక జరగబోయేది ఏమిటో, ఈ రాయి ఎందుకు, ఆ యంత్రం ఎందుకు అని తక్‌రీర్ మొదలుపెడతారు. మిగతావాళ్ళు బుద్ధిగా వింటారు. అది అయ్యాక ఫైటింగ్. ఫైటింగ్ అయ్యాక మళ్ళీ తక్‌రీర్.

ఇలాంటి మాటలు మన ఇళ్ళల్లో మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో ఊహించండి. పొద్దున్నే నేను వంటింట్లోకి వెళ్ళి మా బేగంతో అంటాను: "చూడు, మనకు నిఖా అయి పదహారేళ్ళయింది. మనకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు ఎనిమిదో తరగతి. మీ అన్నయ్యకూ నాకూ ఆ స్థలం విషయంలో తగాదా వచ్చినప్పటి నుంచి మనం వాళ్ళింటికి పోవడం లేదని నీకు తెలుసు కదా." ఆమె గరిటె పట్టుకుని నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూస్తుంది. తెలిసిన మాట తెలిసినవాళ్ళకు ఎవరూ చెప్పరు. చెబుతున్నారంటే ఆ మాట గోడ చాటున నిలబడి వింటున్న మూడోవాడి కోసమన్నమాట. సినిమాలో ఆ మూడోవాడు మనమే. మనం అక్కడున్నామని గుర్తొచ్చిన మరుక్షణం తెర మీద ఉన్నది మనుషులు కాదు, నోటీసు బోర్డులని తెలిసిపోతుంది. యకీన్ పోతుంది.

మిసాల్‌కు 2016లో వచ్చిన 'సూసైడ్ స్క్వాడ్' తీసుకోండి. అమాండా వాలర్ అనే ఆఫీసరమ్మ డిన్నర్ టేబుల్ దగ్గర ఫైలు తెరిచి ఒక్కొక్క నేరస్తుడి చరిత్ర చదువుతుంది. పెళ్ళిళ్ళ పేరయ్య ఫోటోలు చూపించినట్టే ఉంటుంది. తర్వాత కటానా అనే యోధురాలు హెలికాప్టర్ ఎక్కగానే పక్కవాడు ఆమె పేరు, ఆమె కత్తి చంపినవాళ్ళ ఆత్మలను బంధించే సంగతి ఒక్క గుక్కలో చెప్పేస్తాడు. ఆ కత్తి అలాంటిదని తెలిసినవాడు దాని పక్కన కూర్చోవడానికైనా జంకాలి కదా! ఆ జంకు చూపిస్తే సరిపోయేది. 2021లో వచ్చిన 'ఎటర్నల్స్' అయితే మొదలవడమే తెర మీద పాఠం రాసి చూపిస్తుంది. ఆ మీద పాత్రలు కూడా ఆ పాఠాన్నే అప్పజెబుతాయి. 2024లో వచ్చిన 'మేడమ్ వెబ్' ట్రైలర్‌లో ఒక్క వాక్యంలోనే అమెజాన్ అడవి, అమ్మ, సాలీళ్ళ మీద పరిశోధన, ఆమె మరణం అన్నీ కుక్కేశారు. జనం దాన్ని పట్టుకుని నెలల తరబడి నవ్వుకున్నారు. తీరా సినిమా వచ్చాక చూస్తే ఆ వాక్యం అందులో లేనే లేదు.

ఇక మేం చూసిన 'క్వాంటమేనియా' సంగతి. జానెట్ అనే తల్లి ముప్పై ఏళ్ళు ఇంకో లోకంలో చిక్కుకుని తిరిగొచ్చింది. అక్కడ ఏం జరిగిందో కూతురికి చెప్పదు. ఎంత మంచి విషయం ఇది! తల్లి దాచుకున్న గాయం, కూతురి అలక. మన ఇళ్ళల్లో ఇలాంటి తల్లులు లేరా? కానీ సినిమా ఆ ఖామోషీని ముడిలాగా వాడుకుంది తప్ప బాధలాగా చూపించలేదు. జానెట్ "తర్వాత చెబుతా" అంటూ వాయిదా వేస్తుంది. తర్వాత కూర్చుని మొత్తం చెబుతుంది. చెప్పడమే మిగిలింది, దాచుకోవడంలోని నొప్పి ఎక్కడో జారిపోయింది.

ఇది దర్శకుల చేతగానితనమని తేల్చేయడం ఇన్సాఫ్ కాదు. దానికి నా దగ్గర ఒక గవాహీ ఉంది, పేరు శామ్ రైమీ. 2004లో ఆయన తీసిన 'స్పైడర్ మ్యాన్ 2'లో రైలు సీను గుర్తుందా? పట్టాలు అయిపోయే చోటికి రైలు దూసుకుపోతోంది. ముసుగు లేని కుర్రాడు రెండు వైపులా భవనాలకు దారాలు విసిరి, ఛాతీ చీలిపోయేలా దాన్ని ఆపుతాడు. ఆపి స్పృహ తప్పి పడిపోబోతుంటే లోపలి నుంచి చేతులు వచ్చి పట్టుకుంటాయి. తలల మీదుగా, జనాజా మోసినంత అదబ్‌తో లోపలికి మోసుకెళ్ళి పడుకోబెడతారు. వీడు నా కొడుకు కంటే పెద్దవాడేం కాదు అని ఒకాయన అంటాడు. ఒక పిల్లవాడు ముసుగు తెచ్చి ఇస్తాడు. అంతే. త్యాగం గురించి తక్‌రీర్ లేదు, నగరం హీరోను ప్రేమిస్తోందని ఎవరూ ప్రకటించలేదు. చేతులు చెప్పేశాయి.

అదే రైమీ పద్దెనిమిదేళ్ళ తర్వాత, 2022లో, 'డాక్టర్ స్ట్రేంజ్ ఇన్ ద మల్టీవర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్' తీశాడు. అందులో లోకాలకు నంబర్లు ఎందుకున్నాయో ఒకరు చెబుతారు, లోకాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటే ఏమవుతుందో ఇంకొకరు చెబుతారు. ఆ సినిమాలోనూ ఆయన హునర్ చచ్చిపోలేదు. ఇద్దరు స్ట్రేంజ్‌లు సంగీత స్వరాలను ఆయుధాలుగా విసురుకునే చోట అల్ఫాజ్ అక్కర్లేకుండా మజా వస్తుంది. మనిషి మారలేదు. మోయాల్సిన బరువు మారింది.

ఆ బరువేమిటి? 2019లో 'ఎండ్‌గేమ్' వచ్చేసరికి మార్వెల్ వాళ్ళ వరసలో అది 22వ సినిమా. ఆ తర్వాత సీరియళ్ళు కూడా కలిశాయి. 'డాక్టర్ స్ట్రేంజ్' రెండో సినిమాలో వాండా దుఃఖం అర్థం కావాలంటే 'వాండావిజన్' అనే సీరియల్ చూసి ఉండాలి. చూడనివాళ్ళ సంగతేంటి? వాళ్ళ కోసం ఒక ఖులాసా పెట్టాలి. సినిమా తీశాక నలుగురికి చూపిస్తే అర్థం కాలేదంటారు. అప్పుడు వీపు కనిపించే షాటులో కొత్త మాట రికార్డు చేసి అతికిస్తారు. పెదాలు కనబడవు కాబట్టి ఏ మాటయినా పడుతుంది. పైగా ఫోను చేతిలో పట్టుకుని సగం కన్నుతో చూసే మనలాంటివాళ్ళం. కళ్ళు తెర మీద లేనివాడికి చెవిలో చెప్పక తప్పదు. కసూర్ వాళ్ళది ఎంతో, మనదీ అంతే.

మనకు ఇంకో తకరారు కూడా ఉంది, డబ్బింగ్. గొంతులు బాగానే ఉంటాయి. 'ఎవెంజర్స్'లో థానోస్‌కు రానా దగ్గుబాటి గొంతు ఎంత బాగా కుదిరిందో మా పిల్లలు ఇప్పటికీ అనుకరిస్తారు. కానీ నటుడి ముఖం చెప్పేది డబ్బింగ్‌లోనూ పోదు, పోయేది పాఠమే. ఇంగ్లీషులోనే నోరు తిరగని ఆ సైన్సు మాటలు పెదాలకు సరిపడేలా తెలుగులో పరుగెడుతుంటే మా అమ్మీకి కాదు, నాకే తలతిరుగుతుంది.

అయితే మాటలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. దాస్తాన్‌గోయీ మన విరాసత్. ఢిల్లీలో 1928లో కన్నుమూసిన మీర్ బాఖర్ అలీ లాంటి దాస్తాన్‌గోలు ఒట్టి మాటలతోనే సామయీన్‌ను రాత్రుళ్ళు కూర్చోబెట్టారు. లక్నో నవల్ కిషోర్ ప్రెస్ వాళ్ళు అచ్చేసిన అమీర్ హమ్జా దాస్తాన్ 46 సంపుటాలు. ఆ కాలపు సూపర్‌హీరోల ప్రపంచం అదే. అందులో అమ్రూ అయ్యార్ దగ్గర జంబీల్ అనే సంచి ఉంటుంది. లోకంలో ఉన్నదంతా అందులో పడుతుంది. అది ఎలా పనిచేస్తుందని ఎవరూ యంత్రం విప్పి చూపించరు. ఈసారి అందులోంచి ఏం తీస్తాడా అని చెవులు రిక్కించుకుంటాం, అంతే. దాస్తాన్‌గో మాట్లాడేది మనతో, మన ముఖం చూస్తూ. అందులో దొంగచాటు లేదు.

సినిమాలోనూ చెప్పి గెలిచినవాళ్ళున్నారు. 2008 నాటి 'ద డార్క్ నైట్'లో జోకర్ తన ముఖం మీది గాట్ల కథ ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా చెబుతాడు. ఎంత చెప్పినా అతని గురించి మనకేమీ తెలియదు, భయం మాత్రం పెరుగుతుంది. 2018 నాటి 'స్పైడర్ మ్యాన్: ఇంటూ ద స్పైడర్‌వర్స్'లో ఒక్కొక్కరూ తమ పుట్టుకథను హడావుడిగా అప్పజెప్పడమే ఒక జోకు. 2017లో 'హోమ్‌కమింగ్' వాళ్ళు సాలీడు కుట్టిన కథను రెండు మాటలతో దాటేశారు. జనానికి తెలుసులే అని మనల్ని నమ్మారు. మాట తప్పు కాదు. మన మీద నమ్మకం లేక చెప్పే మాట తప్పు.

ఇదంతా ఒట్టి సినిమా గోలే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు.

నేను ఇంటర్‌లో లెక్కలు ఫెయిలైన రోజు అబ్బా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రి భోజనం నాకు దిగలేదు. రెండు రోజుల తర్వాత చొక్కా తొడుక్కుంటుంటే జేబులో ఏదో కాగితం తగిలింది. సప్లిమెంటరీ పరీక్ష ఫీజు కట్టిన రసీదు. అబ్బా అప్పటికే పనికి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన గురించి నేను తెలుసుకున్నది ఏ నసీహత్‌లోనూ లేదు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. నన్ను ప్రేమిస్తున్నానని ఎప్పుడూ జబాన్‌తో అనలేదు. నాకు ఆ లోటు ఎప్పుడూ తెలియలేదు.

మొన్న చలికాలంలో ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అమ్మీ శాలువా కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. మధ్యాహ్నం రొట్టె అలాగే ఉంది. పెద్దవాణ్ణి అడిగాను, నాకు ఫోనైనా చేయలేదేం బేటా అని. వాడు నిజంగానే అమాయకంగా అన్నాడు: "దాదీ నాకేం చెప్పలేదుగా అబ్బా."

ఆ కసూర్ సినిమాల మీద వేయను. వాడికి పదమూడేళ్ళు, ఇంకా నేర్చుకుంటాడు. నేను కూడా పొద్దున వెళ్ళేటప్పుడు ఆమె ముఖం చూడనే లేదు. కానీ ప్రతి బాధా నిలబడి తన పేరూ ఊరూ చెప్పుకునే కథలు చూసి చూసి, చెప్పని బాధ ఒకటి ఉంటుందని పిల్లలు మరిచిపోతారేమోనని నాకు దిగులు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పరు. తక్లీఫ్ అని నోరు తెరిచి అనరు. సగం రొట్టె వదిలేస్తారు. దాన్ని చదవడం రావాలి.

నిన్న రాత్రి 'స్పైడర్ మ్యాన్ 2' పెట్టాం. రైలు సీను వచ్చేసరికి రిమోట్ తీసుకుని సౌండు తీసేశాను. "అబ్బా!" అని పిల్లలు అరిచారు. ఊరుకోమన్నాను. తలల మీదుగా ఆ కుర్రాణ్ణి మోస్తుంటే గదిలో ఎవరూ మాట్లాడలేదు. అమ్మీ ఒలుస్తున్న వెల్లుల్లి చేతిలోనే ఆగిపోయింది. "కిస్‌కా కీ బచ్చా" అంది మెల్లగా. ఎవరి బిడ్డో, అని.

చిన్నది నా వైపు తిరిగి ఏదో అడగబోయింది. పెద్దవాడు దాని భుజం మీద చెయ్యి వేసి, దాదీ కళ్ళ వైపు చూపించాడు.