పుట్టినింటికి వచ్చు పక్షులు



శ్రీకాకుళము జిల్లాలో టెక్కలికి చేరువనున్న తేలినీలాపురమునకు ఏటేట వర్షకాలము వెనుకబట్టునప్పుడు గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును వచ్చును. చింత మొదలగు చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని, వేసవి ముదురకమునుపే మరలిపోవును. ఇవి సైబీరియానుండి వచ్చినవని పత్రికలలో తఱచుగా వ్రాయుచున్నారు. మా వారి బడిపిల్లలును అట్లే వల్లించుచున్నారు. దూరదేశపు చుట్టమన్న మనకు మక్కువ యెక్కువ కాబోలు! ఆ మాట నిజము కాదు.

పక్షికి పుట్టినిల్లు అది గూడు కట్టు చోటే కదా. గూడబాతు గ్రుడ్లు పెట్టునది ముఖ్యముగా దక్షిణ భారతమున, సింహళమున, కంబోడియాలో మాత్రమే. మంచుదేశ మది యెన్నడు నెఱుగదు. పిల్లలు రెక్కలు వచ్చి యెగిరినపిదప చెఱువులకును, నదీముఖములకును చెదరిపోయి, ఋతువు రాగానే మరల గూటికి చేరును. దాని గడ్డము క్రింది సంచి చేపలు దాచుకొను కోశమని కొందఱందురు. నిజమున కది వల. నీటితోగూడ చేపను ముంచి, నీటిని కార్చివైచి మ్రింగును. పిల్ల తల్లిదండ్రుల గొంతులోనికే తల దూర్చి, సగము జీర్ణమైన చేపను తినును. చూచుటకు భయమైనను, ఆ పెంపకములో లోపము లేదు.

ఉత్తరాసియానుండి నిజముగా వచ్చునవి వేఱు. చలికాలమున నౌపడ బురదనేలలలో దిగు సూదితోక బాతులును, ఉల్లంకులును మధ్య ఆసియా పక్షిమార్గమున వచ్చి, మేసి, వేసవికి తమ దేశమునకు బోయి యచ్చటనే గూళ్ళు కట్టును. అవి చుట్టములు, తేలినీలాపురమునకు వచ్చునవి పురిటికి వచ్చిన యాడుబిడ్డలు.

ఇచ్ఛాపురము చెంతనున్న తేలుకుంచికి తొలకరితోనే నత్తగుల్ల కొంగలు వచ్చును. వాని ముక్కు రెండు దళముల నడుమ సందు కలదు. పిల్లలకు ఆ సందుండదు, పెరిగినకొలది యేర్పడును. వానలకు మడులు నిండి నత్తలు పెరుగుటయే వాని రాకకు కారణము. ఊరివారు పక్షులు వచ్చిన యేడు పంటలు పండునని నమ్ముదురు. కాళిదాసు మేఘసందేశములో మేఘమునకును, బలాకల సంతానమునకును ముడివేయుట మా కిచ్చటనే స్పష్టముగా దెలిసినది.

ఈ పుట్టిండ్లకు చేటు తప్పలేదు. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతమున తీరము దాటిన తిత్లీ తుపానునకు తేలుకుంచి చెట్లు కూలి, కొంగలు చచ్చినవి. 2021-22 చలికాలమున తేలినీలాపురములో నూటికి పైగా గూడబాతులు కడుపులో పురుగు పట్టి మరణించినవి. చేపలు తిను పక్షికి చెఱువులోని రోగమే కడుపులోని రోగము. ఇక కూలిన చింతకు బదులు మొక్క నాటినను, గూటిని మోయు కొమ్మ లెదుగుటకు ఏండ్లు పట్టును.

చెట్ల క్రింది యిండ్లలో దుర్గంధమునకును, ఆరవేసిన బట్టలపై బడు రెట్టకును ఓర్చుకొనుచున్న యిల్లాండ్రను ఏ పత్రికయు మెచ్చుకొనగా మేము చూడలేదు. చూడబోవు సోదరీమణులు ప్రాతఃకాలమున బోవుట మేలు. రంగుల చీరలు వలదు. చెట్ల క్రిందికి బోయి చప్పట్లు చఱచి పక్షులను లేపరాదు: తల్లి లేచిన గూటిని కాకి కనిపెట్టియే యుండును.