కుండ గొప్పతనమంతా సారెదేనా?

కుండ ఎలా తయారవుతుందని అడిగితే మీలో చాలామంది “సారె మీద” అని ఠక్కున చెబుతారు. ఆ జవాబుకు మార్కులు కూడా పడతాయి. నా దృష్టిలో మాత్రం అది సగం జవాబే.

మన అనకాపల్లి చుట్టుపక్కల కుండలు చేసేచోటికి వెళ్ళి చూడండి. సారె మీద మూతి, మెడ చక్కగా వస్తాయి. అడుగు మాత్రం మొద్దుగా ఉంటుంది. కాస్త ఆరాక లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి కుండకు పొట్ట తెస్తారు.

అసలు సారె లేకుండానే కుండలు చేసినవారున్నారు. ఉత్తర అమెరికాలోని ఇరాక్వాయన్ పల్లెవాసులు చేత్తో చేసిన కుండల్లోనే మొక్కజొన్న జావ కాచుకునేవారు. అంత దూరమెందుకు? పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వితే దొరికిన కొత్తరాతియుగపు కుండలు చాలావరకు చేత్తో చేసినవే! ఆ పెంకులు గాని, మన బొజ్జన్నకొండ దగ్గర 1907-08లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో బయటపడ్డ మట్టిపాత్రలు గాని ఇన్ని వానలకూ కరిగిపోలేదు. ఎందుకని?

నిప్పు వల్ల. బాగా ఎండిన కుండలో కూడా బంకమట్టితో రసాయనికంగా కలిసి ఉన్న నీరు ఉంటుంది. సుమారు 500 నుంచి 600 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో అది విడిపోతుంది. ఆ తరువాత ఎంత నానబెట్టినా కుండ మళ్ళీ బురద కాదు. అయితే ఉత్త బంకమట్టి ఆరేటప్పుడు ముడుచుకుని పగులుతుంది. అందుకే మనవాళ్ళు ఇసుక కలుపుతారు. ఇరాక్వాయన్లు రాతిని నలగ్గొట్టి కలిపేవారు. సముద్రాలకు ఆవల ఉన్నవారికీ అదే ఉపాయం తట్టింది, చూశారా!

ఈ లెక్కలన్నీ థర్మామీటరు లేకుండా, మంట రంగు చూసి నేర్చుకున్నవి. అలాంటి మనిషిని “చదువు రానివాడు” అనడం నాకు నచ్చదు. ప్లాస్టిక్ బిందెలొచ్చాక ఆయన పిల్లలు వేరే పనులు వెతుక్కుంటున్నారు. ఆ చేతులతోపాటు ఆ విద్యా పోతుంది. రసాయనశాస్త్రం పాఠానికి ఆయనను ఒకపూట బడికి పిలిస్తే తప్పేముంది?

ఈలోగా మీరొక పని చేయండి. ఒక ఉండ ఉత్త బంకమట్టితో, ఇంకొకటి నాలుగోవంతు ఇసుక కలిపి చేయండి. నీడలో వారం రోజులు ఆరనిచ్చి ఏది పగిలిందో చూడండి. కుమ్మరి తాతగారిని అడిగి, ఆవంలో ఓ మూల పెట్టించండి. తడి ఉండను మాత్రం పెట్టకండి. లోపలి నీరు ఆవిరై వందల రెట్లు వ్యాకోచించి ఉండను పేల్చేస్తుంది, పక్కనున్న ఆయన కుండలు కూడా పగలవచ్చు!