తుక్కు కాటా ఎక్కకముందే తేలవలసిన సంగతి

నిజామాబాద్: పట్నం పోయివచ్చిన జిల్లా వాసులలో చాలామంది హుస్సేన్ సాగర్ దగ్గర ప్రదర్శనకు నిలిపిన యుద్ధ ట్యాంకును చూసే ఉంటారు. ట్యాంక్ బండ్ అన్నది చెరువు కట్టకు ఇంగ్లీషు వారి కాలంలో పడిన పేరు. అక్కడ ఈ ట్యాంకు ఉన్నది కనుకనే ఆ పేరు వచ్చిందనుకునే పిల్లలూ లేకపోలేదు. అది పాకిస్తాన్ సైన్యం వాడిన ప్యాటన్ రకం ట్యాంకు. 1971 యుద్ధానికి గుర్తుగా 54వ పదాతి డివిజన్ దానిని నగరానికి బహూకరించింది. శత్రువు వదిలిన ఇనుమును కరిగించక జనం చూసే చోట పెట్టాలని ఎవరో ఒకరు సకాలంలో అనుకోబట్టే అది మిగిలింది.

ఆ ట్యాంకు ప్రసక్తి ఇప్పుడు బోధన్ ప్రాంతానికి ఎందుకంటే, శక్కర్ నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ యంత్రాలు 2015 డిసెంబరులో ఆగిపోయాయి. ఫ్యాక్టరీని మళ్లీ తెరవడం గురించి చర్చ సాగుతూనే ఉన్నది. కాని పాత యంత్రాల గతి ఏమిటన్న ప్రశ్న ఆ చర్చలో వినిపించడం తక్కువ. యుద్ధ ట్యాంకులను తుక్కు నుంచి ఎట్లా తీసి నిలబెడుతున్నారో తెలుసుకుంటే ఈ ప్రశ్న ఎంత తొందరదో అర్థమవుతుంది.

ప్యాటన్ ట్యాంకులకు చెరకు రైతులతో ఒక విధమైన సంబంధం ఉన్నది. 1965 సెప్టెంబరు 8 నుంచి 10 వరకు పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ సమీపాన అసల్ ఉత్తర్ అనే గ్రామం దగ్గర భారీ ట్యాంకుల పోరు జరిగింది. అమెరికా నుంచి వచ్చిన ప్యాటన్లు పాకిస్తాన్ వద్ద ఉండగా, మన సేన వద్ద ఉన్నవి ఎక్కువగా అంతకు పాతవైన షెర్మన్లు, సెంచూరియన్లు. మనవారు నిలువెత్తు చెరకు తోటలలో తమ ట్యాంకులను దాచి, కాలువలకు గండి కొట్టి పొలాలకు నీరు వదిలారు. ఒక్కొక్క ప్యాటన్ బరువు సుమారు 45 టన్నులు. తడిసిన చెరకు మడిలో నిండు బండి చక్రం దిగబడితే ఏమవుతుందో బోధన్, వర్ని, కోటగిరి రైతులకు వేరుగా చెప్పనక్కర లేదు. దిగబడిన ప్యాటన్లను తోటల చాటు నుంచి ఒక్కొక్కటిగా కొట్టారు. జీపు మీది తోపుతో ట్యాంకులను ధ్వంసం చేసి నేలకొరిగిన హవల్దారు అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర లభించింది ఈ పోరులోనే. పోరు ముగిసేసరికి సుమారు వంద పాకిస్తాన్ ట్యాంకులు ధ్వంసమో, స్వాధీనమో అయినాయి. వాటిని ఒకచోట చేర్చిన స్థలానికి ప్యాటన్ నగర్ అనే పేరు వచ్చింది. అక్కడి నుంచి కొన్ని దేశంలోని పలు ఊళ్లకు, కంటోన్మెంట్లకు ప్రదర్శన కోసం వెళ్లాయి.

అయితే ట్యాంకును తెచ్చి దిమ్మె మీద నిలబెట్టడం వేరు, దానిని కాపాడటం వేరు.

తుక్కు ట్యాంకును బాగు చేసేవారు మొట్టమొదట చూసేది లోపల మందుగుండు ఏమైనా మిగిలి ఉన్నదా అన్నది. ఆ తనిఖీ సైన్యంలో ఆ పని తెలిసినవారే చేయాలి. ప్రదర్శనకు పెట్టేవాటి తోపు మళ్లీ పేలకుండా గొట్టాన్ని మూసి వెల్డింగ్ చేయడం పరిపాటి. ఆ తరువాత అసలు శత్రువు వాన నీరు. కవచం ఉక్కు అంగుళాల మందం కనుక దానికి తుప్పు పట్టినా అంత తేలికగా చిల్లు పడదు. పలుచని రేకుతో చేసిన మడ్‌గార్డులు, సామాను పెట్టెలు, చమురు తొట్లు ముందుగా పోతాయి. పై మూతలు సరిగా పడకపోతే నీరు లోపలికి దిగి అడుగున నిలుస్తుంది. గేర్లు, బేరింగులు, తీగలు ఆ నీటిలోనే నాని పాడవుతాయి. ఏటా పంద్రాగస్టుకు ముందు పైపైన రంగు కొట్టించుకునే ట్యాంకులకు పట్టే రోగం ఇదే. బయట నిగనిగ, లోపల గుల్ల.

రంగు విషయంలోనూ తొందర పనికిరాదు. పాత రంగును మొత్తం గీకి పారేయక పొర పొరగా తీస్తే, అడుగున ఆ ట్యాంకు మొదట ఏ రంగులో ఉండేదో, ఏ దళానికి చెందినదో తెలిపే అంకెలు, గుర్తులు బయటపడతాయి. ఇసుక కొట్టే యంత్రంతో ఒక్క పూటలో శుభ్రం చేస్తే ఆ సాక్ష్యం కూడా ఇసుకతో పాటు పోతుంది.

ఇంజను మరీ ఓపిక కోరుతుంది. బిగుసుకుపోయిన ఇంజను సిలిండర్లలో పలుచని నూనె పోసి రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి నానబెడతారు. ఆపైన చేతితో అంగుళం అంగుళం కదిలిస్తారు. బ్యాటరీ తగిలించి బలవంతాన తిప్పబోతే లోపలి రాడ్డులు వంగుతాయి. పాత మోటారు ఇంజన్లతో పాట్లు పడిన రైతులకు ఇది కొత్త సంగతి కాదు. ఇక దొరకని సామాను మాటకు వస్తే, రెండు మూడు కళేబరాల నుంచి తీసినది కలిపితే గాని ఒక్క ట్యాంకు పూర్తి కాదు. అదీ కుదరకపోతే పాత నకళ్లు చూసి లేత్ మీద కొత్తగా చేయించాలి. నకలు కాగితం లేకపోతే ఎంత గొప్ప ఫిట్టరైనా ఊహించి చేయవలసిందే. మంచి మ్యూజియాలలో ఏ భాగం అసలుది, ఏ భాగం కొత్తది అన్నది ఖాతాలో రాసి ఉంచుతారు.

ఈ పనికి ఎంత కాలం పడుతుందో ఒక్క ఉదాహరణ చాలు. రెండవ ప్రపంచ యుద్ధంలో 1943లో ట్యునీషియాలో బ్రిటిష్ సేనకు చిక్కిన జర్మనీ టైగర్ ట్యాంకు ఇంగ్లాండులోని బోవింగ్టన్ మ్యూజియంలో ఉన్నది. దానిని 1990లో మరమ్మతుకు తీస్తే, నడిచే ఇంజనుతో మళ్లీ ప్రదర్శనకు వచ్చేసరికి 2003 అయింది. ఆ మ్యూజియం పుట్టుక కూడా గమనింపదగినదే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక అక్కడికి చేర్చిన ట్యాంకులలో అత్యధిక భాగం తుక్కు కిందనే పోయింది. 1923లో రచయిత కిప్లింగ్ అక్కడికి వచ్చి మిగిలినవాటిని చూసి, వీటికి ఒక మ్యూజియం ఉండాలని సూచించినట్లు ఆ సంస్థ చెప్పుకుంటుంది. నిర్ణయం జరిగిన నాటికి మిగిలి ఉన్నవే మిగిలాయి.

ఆస్ట్రేలియాలో కథ మరో విధంగా నడిచింది. రెండవ యుద్ధం కాగానే ప్రభుత్వం మిగులు ట్యాంకులను, కవచ బండ్లను రైతులకు అమ్మివేసింది. వారు పై బురుజు ఊడదీసి పొదలు పెకలించడానికి, బరువులు లాగడానికి వాడుకున్నారు. పాడైనవి పొలం మూలన పడి ఉన్నాయి. ఇప్పుడు ఆ మూలల నుంచే వాటిని వెలికి తీసి బాగు చేస్తున్నారు. బ్రిటన్ మరొక అడుగు ముందుకు వేసి, యుద్ధానంతరం షెర్మన్ ట్యాంకులను ట్రాక్టర్లుగా మార్చి ఆఫ్రికాలోని టాంగన్యీకాకు పల్లీల సాగు కోసం పంపింది. నేల బండలా ఉండటం, వానలు లేకపోవడం వల్ల ఆ పథకం దివాలా తీసి 1951లో మూతపడింది. ట్యాంకు చేతికి వచ్చినంత మాత్రాన పల్లీ పండదని లండన్ దొరలకు చెప్పగల రైతు మన ఊళ్లలో ఎవరైనా ఉండేవాడు.

మన దేశంలో కవచ వాహనాలకు పెద్ద మ్యూజియం మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో ఉన్నది. ఆ ఊరి పేరును ఇటీవల అహిల్యానగర్‌గా మార్చారు. సైన్యం వారు 1994లో ఏర్పాటు చేసిన ఆ ప్రదర్శనశాలలో రోల్స్ రాయిస్ కవచ కారు మొదలుకొని మన విజయంత వరకు ఉన్నాయి. శిక్షణ కేంద్రం పక్కనే ఉండటం, ట్యాంకు లోగుట్టు తెలిసిన మెకానిక్కులు దగ్గరే ఉండటం దానికి పెద్ద బలం. ఆ మాటకు వస్తే మనకూ ఆ నేర్పు దూరం లేదు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో శంకుస్థాపన జరిగిన ఆయుధ కర్మాగారం సైన్యానికి సారథ్ కవచ వాహనాలను తయారు చేస్తున్నది. ఉక్కు కోసి, అతికి, నడిపించగల పనివారు మన రాష్ట్రంలోనే ఉన్నారన్న మాట.

మరొక సంగతి జిల్లాలో చాలామందికి తెలియనిది. 1918లో హైదరాబాద్ నిజాం బ్రిటిష్ వారికి ఒక యుద్ధ విమాన దళానికి కావలసిన విమానాలను కానుకగా ఇచ్చాడు. నిజాం ఖజానా అంటే ప్రధానంగా భూమి శిస్తు. అందులో మన జిల్లా రైతులు కట్టినదీ కలిసే ఉంటుంది. ఆ విమానాలలో ఒకటి 1918 అక్టోబరులో జర్మనుల చేతికి చిక్కి బెర్లిన్ మ్యూజియంలో చేరింది. రెండవ యుద్ధ కాలంలో దానిని పోలండుకు తరలించారు. 1977లో బ్రిటిష్ వైమానిక దళ మ్యూజియం ఆ మిగులును పోలండు నుంచి తెచ్చుకోవడానికి బదులుగా ఒక స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాన్నే ఇచ్చింది. లేని భాగాలు కొత్తగా చేయించి, నిజాం కానుక అన్న సంగతితో సహా లండన్‌లో ప్రదర్శనకు పెట్టారు. మన సొమ్ముతో కొన్న యంత్రపు అవశేషం కోసం వారు అంత శ్రమ పడ్డారు.

సొమ్ము లేక, శ్రద్ధ లేక పోయినవీ ఉన్నాయి. 1971 యుద్ధంలో తూర్పు తీరాన పాల్గొన్న విమాన వాహక నౌక విక్రాంత్ 1997లో సేవ నుంచి తప్పుకున్నాక ముంబాయిలో కొంతకాలం మ్యూజియంగా ఉన్నది. నిర్వహణ భారమై 2012లో సందర్శకులకు మూసివేశారు. 2014లో సుమారు 60 కోట్ల రూపాయలకు తుక్కు కింద అమ్మారు. దాని ఉక్కులో కొంత కలిపి ఒక కంపెనీ మోటారు సైకిళ్లు అమ్ముకున్నది. అదే విశాఖలో కురుసుర జలాంతర్గామికి వేరే గతి పట్టింది. 2001లో సేవ నుంచి తప్పించిన దానిని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వ హయాంలో బీచి మీదికి లాగించి 2002లో మ్యూజియంగా తెరిచారు. ముందే స్థలం చూసి, ముందే లెక్క వేసి, టికెట్టు పెట్టి నడిపారు. అదే ప్రభుత్వం అదే 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటాను ప్రైవేటు భాగస్వామికి అప్పగించింది. ఒకే ఏడు జలాంతర్గామి గట్టు ఎక్కింది, చక్కెర ఫ్యాక్టరీ చేయి మారింది.

నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయ్యాక, మంజీర నీటి మీద ఆధారపడి పెరిగిన చెరకు కోసం 1937లో వెలసిన ఈ ఫ్యాక్టరీ ఒకనాడు ఆసియాలోనే పెద్దదిగా పేరు తెచ్చుకున్నది. శక్కర్ నగర్ అన్న ఊరి పేరే దాని వల్ల వచ్చింది. 2015లో బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లూ మూతపడ్డాయి. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఫ్యాక్టరీ పునరుద్ధరణపై మంత్రి శ్రీధర్ బాబు ఆధ్వర్యాన కమిటీ వేసింది.

రైతులకు కావలసినది గానుగ ఆడే ఫ్యాక్టరీ గాని అద్దాల పెట్టెలోని యంత్రం కాదన్న మాట ముమ్మాటికీ నిజం. కార్మికుల బకాయిల కంటే పాత రోలర్లు ముఖ్యమని ఎవరూ అనలేరు. అట్లా అంటే అది అన్యాయమే. కాని ఈ రెండు కోరికలకూ తగవు లేదు. ఫ్యాక్టరీ తెరుచుకుంటే పాత యంత్రాలలో చాలా భాగం తీసి కొత్తవి బిగించక తప్పదు. తెరుచుకోకపోతే అన్నీ వేలానికే. ఎటు తిరిగినా పాత ఇనుము కాటా ఎక్కుతుంది. లిక్విడేషన్ చట్టం ప్రకారం అధికారి చూడవలసినది అప్పులవారికి ఎక్కువ సొమ్ము రాబట్టడం. చరిత్ర అన్న పద్దు ఆ లెక్కలో ఉండదు. కనుక ఏదైనా మిగలాలంటే, ఫలానా యంత్రం అమ్మకానికి కాదని ప్రభుత్వం టెండరుకు ముందే రాసి, దాని తుక్కు ధర తానే కట్టి తీసుకోవాలి. ఆ ధర కార్మికుల, అప్పులవారి ఖాతాకే పోతుంది గనుక ఎవరి నోటి ముద్దా తగ్గదు.

ఫ్యాక్టరీ మొత్తం దాచమనడం అత్యాశ. విక్రాంత్ విషయంలో జరిగిన పొరపాటు అదే. మోయలేనంత పెద్దది ఎత్తుకున్నారు. ఒక జత చెరకు రోలర్లు, ఒక రసం మరిగించే పాన్, తయారీ సంవత్సరం చెక్కిన ఇత్తడి పలకలు, గేటు కాటా, నకళ్ల కట్టలు, హాజరు రిజిస్టర్లు చాలు. రోలరు దుక్క ఇనుము కనుక చిన్న రేకుల షెడ్డు, ఏటా ఒక పూత గ్రీజు ఉంటే తరాలు నిలుస్తుంది. కాగితాలు మాత్రం చెదలకు, వానకు ఆగవు. వాటిని ముందు తీయాలి. నిజామాబాద్ తిలక్ గార్డెన్‌లోని పురావస్తు మ్యూజియంలో రాతి విగ్రహాలకు చోటు దొరికింది. వాటి సరసన జిల్లాకు ఎనభై ఏళ్లు అన్నం పెట్టిన యంత్రానికి నాలుగు గజాల జాగా దొరకకపోదు. బోధన్‌లోనే పెడితే మరీ మంచిది.

ముందు జరగవలసిన పని జాబితా. ఏ యంత్రం ఏ దేశం నుంచి ఏ ఏడు వచ్చింది, దేనిని ఎప్పుడు మార్చారు, ఏ బాయిలరు ఎందుకు మొరాయించేది అన్నది ఫిట్టర్లకు, పాన్‌మెన్లకు నోటికి తెలుసు. కాగితం పోయినచోట వారి మాటే ఆధారం. 1980లో పాతికేళ్ల వయసులో ఆ ఫ్యాక్టరీలో చేరిన మనిషికి 2025 నాటికి డెబ్బై ఏళ్లు నిండాయి.