అభిఘాత పాఠమును రహదారికి తెచ్చి బోధింపవలెను

పాఠశాలలో బోధింపబడు సిద్ధాంతములలో కొన్ని పరీక్షాగృహమును దాటి బయటకు రావు. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రము అట్టివానిలో నొకటి. విద్యార్థులు దానిని కంఠస్థము చేయుదురు, లెక్కలు చేయుదురు, మార్కులు తెచ్చుకొందురు. పిమ్మట పుస్తకముల సంచి భుజమున వేసికొని, ఆ సూత్రము ప్రతిక్షణము పనిచేయుచున్న రహదారిమీదికి, ఏమియు నెరుగనివారివలె వెడలుదురు. ఈ పద్ధతి మారవలెనని మా యభిప్రాయము.

సూత్రము సులభమైనదే. వస్తువుయొక్క ద్రవ్యరాశిని వేగముచే గుణించిన ద్రవ్యవేగము వచ్చును. బాహ్యబలము లేనియెడల, ఢీకొనుటకు ముందున్న మొత్తము ద్రవ్యవేగము ఢీకొన్న పిమ్మటను అంతయే యుండును. రెండు వస్తువులు ఢీకొని, అతుక్కొని, ఒక్కటిగా కదలినచో, ఆ మొత్తమును రెండింటి ద్రవ్యరాశుల మొత్తముచే భాగింపగా తరువాతి వేగము తెలియును. దీనినే పరిపూర్ణ అస్థితిస్థాపక అభిఘాత మందురు.

మిర్యాలగూడలోని ధాన్యపు మిల్లు ఆవరణములో 300 కిలోగ్రాముల తోపుడుబండి చదునైన నేలమీద సెకనుకు 1 మీటరు వేగమున దొర్లుచున్న దనుకొందము. దానిపైకి 75 కిలోగ్రాముల బస్తాను నిలువుగా దించినచో, బండివేగము 0.8 మీటరునకు తగ్గును. ద్రవ్యవేగము మునుపటివలెనే 300. కాని గతిజశక్తి 150 జౌళ్లనుండి 120 జౌళ్లకు దిగినది. మిగిలిన 30 జౌళ్లు నశింపలేదు. రాపిడిలో వేడిమిగా, చప్పుడుగా, బస్తా నలుగుటగా మారినవి.

విద్యార్థులు పొరబడునది రెండుచోట్ల. ద్రవ్యవేగము నిలుచుచున్నది గనుక గతిజశక్తియు నిలుచునని తలంతురు. ఎదురెదురుగా వచ్చు వస్తువుల ద్రవ్యవేగములను దిక్కు చూడక కూడుదురు. ఈ రెండవ పొరబాటు చిన్నవారిదే కాదు. 1644లో డెకార్టు మహాశయుడు తన గ్రంథమున, చలన పరిమాణమును దిక్కుతో నిమిత్తము లేకయే లెక్కించెను. 1668లో లండనులోని రాయల్ సొసైటీవారు అభిఘాత నియమములను విచారింపగోరినపుడు, వాలిస్, రెన్, హైగెన్సు అనువారు సమాధానములు పంపిరి. దిక్కును ధన ఋణ చిహ్నములతో గణింపవలెనన్న సంగతి అప్పటికి స్థిరపడినది.

ఇక మన త్రిపురారము బాటకు వత్తము. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలబడినది మొదలు ఈ ప్రాంతము వరిపొలముల సీమ యైనది. కోతల కాలమున ధాన్యపు లారీలు, ట్రాక్టర్లు మిల్లులవైపు సాగుచుండును. ఆ దారులనే మన బాలురు మోటారు సైకిళ్లపై తిరుగుదురు.

15,000 కిలోగ్రాముల లారీ సెకనుకు 10 మీటర్లు, అనగా గంటకు 36 కిలోమీటర్ల వేగమున వచ్చుచున్నది. ఇద్దరు మనుష్యులతో కలిపి 300 కిలోగ్రాములు తూగు మోటారు సైకిలు అదే వేగమున ఎదురు వచ్చి తగిలి, దానితో కలిసి కదలినది. మొత్తము ద్రవ్యవేగము 1,50,000 లోనుండి 3,000 తీసివేయగా 1,47,000. దానిని 15,300 చే భాగింపగా తరువాతి వేగము సుమారు 9.6 మీటర్లు. లారీవేగములో మార్పు 0.4 మీటరు మాత్రమే. మోటారు సైకిలు వేగములో మార్పు 19.6 మీటర్లు. ఒకదానికంటె నొకటి 50 రెట్లు! గతిజశక్తిలో తరిగినది సుమారు 58,800 జౌళ్లు. మోటారు సైకిలునకు మొదట నుండినది 15,000 జౌళ్లే. నిజమైన ప్రమాదములలో వాహనములు పూర్తిగా అతుక్కొనకపోవచ్చును. అయినను తేలికయైనదే అధికముగా మార్పు పొందునన్న తీర్పు మారదు.

2014 జూలై 24న మెదకు జిల్లా మాసాయిపేటవద్ద, కాపలా లేని రైలుగేటున, పాఠశాల బస్సును రైలు ఢీకొనగా పలువురు బాలబాలికలు మరణించిరి. రైలుయొక్క ద్రవ్యరాశి ముందర బస్సు ఏపాటిది? అట్టిచోట తగిలిన పిమ్మట చేయగలది లేదు. తగులకుండ చేయుటయే మార్గము. 2019 నాటికి బ్రాడ్‌గేజి మార్గములపై కాపలా లేని గేట్లు తొలగింపబడినవి. 2022 మార్చి 4న సికింద్రాబాదు డివిజనులో కవచ్ అను సాధనమును పరీక్షింపగా, ఇంజను ఎదుటి ఇంజనునకు 380 మీటర్ల దూరముననే తానై ఆగినది.

మోటారు సైకిలునకు అట్టి కవచము లేదు, శిరస్త్రాణము కలదు. అది వేగములోని మార్పును తగ్గింపదు. ఆ మార్పు జరుగు కాలమును పెంచి, తలపై పడు బలమును తగ్గించును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 129వ సెక్షను దానిని విధించినది. 2019 సవరణచే చేరిన 199ఎ సెక్షను, బాలురు వాహనము నడిపి నేరము చేసినచో సంరక్షకునికి మూడేండ్లవరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా విధించుచున్నది. చట్టమునకు వెరచి ధరించువాడు పోలీసు కనబడనిచోట తీసివేయును. లెక్క తెలిసి ధరించువాడు తీయడు.

ఇట్టి ప్రమాదములను తరగతిలో చెప్పినచో పిల్లలు బెదరుదురని కొంద రుపాధ్యాయు లందురు. పరీక్షలో రాని విషయమునకు కాలము చాలదని మరికొంద రందురు. భయపెట్టుట వేరు, కొలిచి చూపుట వేరు. కొలత తెలిసినవానికి భయము తగ్గి జాగ్రత్త పెరుగును. ఇక కాలమందురా, రెండు ఆటబండ్లు, కొంచెము బంకమట్టి, ఒక కొలబద్ద, ఒక గడియారము, ఒక్క పీరియడు చాలును. బండ్లు అతుక్కొని కదలుటను పిల్లలే కొలువవలెను. పిమ్మట లారీలెక్కను వారిచేతనే చేయింపవలెను.

తల్లిదండ్రులకును మా మనవి యొకటి కలదు. పదునెనిమిదేండ్లు నిండని కుమారునికి మోటారు సైకిలు తాళపుచెవి ఇచ్చుట ముద్దు కాదు. ఆ లెక్కను ఒకసారి వానిచేత మీ యెదుట చేయించుడు. 0.4 కును 19.6 కును గల వ్యత్యాసము చూచిన పిమ్మట, ఆ తాళపుచెవిని మీరే దాచుదురని మా నమ్మకము.