కాస్త సర్దుకోండమ్మా!

రాత్రి రైలెక్కిన ఆడదాని చెవిన తప్పకుండా పడే మాట ఒకటుంది. "కాస్త సర్దుకోండమ్మా!" చివరనున్న ఆ "అమ్మా"ని గమనించారా? "కాస్త సర్దుకోండయ్యా" అని ఎవరైనా ఎవరితోనైనా అనగా నేను విన్నది బహు తక్కువ. పెట్టె పెట్టుకోడానికి చోటు కావాలా, పిల్లాణ్ణి పడుకోబెట్టాలా, పేకాటకి నలుగురూ ఒకచోట చేరాలా, పై బెర్తు వచ్చినవాళ్ళకి కింది బెర్తు కావాలా, చుట్టూ ఒకసారి కలయజూసి, ఆ చూపు తిన్నగా వచ్చి ఆగేది ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి మీదే.

ఆడవాళ్ళు కదా అని టికెట్టులో ఎవరూ ఏమీ తగ్గించరు. యాభై ఎనిమిది నిండిన ఆడవాళ్ళకి ఒకప్పుడు సగం ధర రాయితీ ఉండేది. కరోనా రోజుల్లో, 2020 మార్చిలో, దాన్నీ తీసేశారు. మరి పూర్తి డబ్బు పెట్టి పూర్తి బెర్తు కొనుక్కున్న మనిషికి రాత్రంతా నిద్రపోయే హక్కు ఉందా లేదా? ఉంది, ఆడదానికి కూడా ఉంది. నేనివాళ దెబ్బలాడబోయేది ఇంత చిన్న విషయానికే.

స్లీపరు క్లాసులో ఒక్కో అరకీ ఎనిమిది బెర్తులు. అటు మూడు, ఇటు మూడు, దారికవతల సైడువి రెండు. వీటిలో మనిషి మనిషిలాగా కూర్చుని, పడుకుని, లేవగలిగేవి మూడే, కిందవి. పై బెర్తుకి వెళ్ళాలంటే రెండో మూడో సన్నటి ఇనప మెట్లు. కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో దొరికింది పట్టుకుని, కింద కూర్చున్న నలుగురి కళ్ళ ముందూ ఆ విన్యాసం చెయ్యాలి. పైకి చేరాక తల ఎత్తితే పైకప్పు తగులుతుంది. రాత్రి బాత్‌రూముకి వెళ్ళాల్సి వస్తే అదే విన్యాసం, ఈసారి చీకట్లో. "చుడీదారు వేసుకోవచ్చుగా" అంటారు పిల్లలు. వేసుకుంటాం, అభ్యంతరం లేదు. కానీ మోకాళ్ళకి చుడీదారుకీ చీరకీ తేడా తెలీదు.

ఈ సంగతి రైల్వేవాళ్ళకీ తెలుసు. స్లీపరు పెట్టెలో కొన్ని కింది బెర్తులు అరవై నిండిన మగవాళ్ళకీ, నలభై అయిదు నిండిన ఆడవాళ్ళకీ, గర్భిణీలకీ అని విడిగా ఉంచారు. ఆడదాని ఒళ్ళు మగవాడి ఒంటికంటే పదిహేనేళ్ళు ముందే అలిసిపోతుందని ప్రభుత్వంవారు రాతపూర్వకంగా ఒప్పుకున్న చోటు, నాకు తెలిసినంతలో, ఇదొక్కటే. అలా రూలు ప్రకారం వచ్చిన కింది బెర్తులో నేను కూర్చుని ఉండగా జరిగిన సంగతి చెప్తాను.

కిందటేడు వేసవిలో ఒక పెళ్ళికి వెళ్తున్నాను. రాత్రి ఎనిమిదిన్నర అయింది. ఒక కుటుంబం ఎక్కింది. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, తల్లి, తండ్రి. పెద్దావిడకి డెబ్భై ఉంటాయి. ఆవిడకి వచ్చింది పై బెర్తు. నా ఎదుటి కింది బెర్తులో పాతికేళ్ళ కుర్రాడొకడు చెవుల్లో తీగలు పెట్టుకుని, ఫోను చూసి తనలో తను నవ్వుకుంటున్నాడు. కొడుకుగారు ఆ కుర్రాణ్ణి చూశాడు, నన్ను చూశాడు. నా దగ్గరికి వచ్చాడు.

"ఆంటీ, మా అమ్మ పైకెక్కలేదు. కాస్త సర్దుకుని మీరు పైకి వెళ్తారా?"

"ఆ అబ్బాయిని అడగండి బాబూ" అన్నాను.

"అతను పడుకున్నాడండీ."

పడుకున్నవాడు సరిగ్గా అప్పుడే పకపకా నవ్వాడు. ఇక లాభం లేదని నేనే లేచి కుర్రాడి భుజం తట్టి సంగతి చెప్పాను. "అయ్యో, నన్నెవరూ అడగలేదండీ!" అని, ఒక్క గెంతులో పైబెర్తులో ఉన్నాడు. ఫోను కూడా కింద పడలేదు. బంగారంలాంటి పిల్లాడు. అతని మీద నాకేం ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదల్లా అతన్ని అడగాలని తోచని కొడుకుగారి మీద. మగపిల్లాడి నిద్రని, అది దొంగనిద్ర అయినా సరే, చెడగొట్టడానికి మనకి చెయ్యి రాదు. ఆడదైతే ఎలాగూ సర్దుకుంటుంది.

ఇది చదివి "పెద్దవాళ్ళకి చోటివ్వడానికి కూడా ఇంత రాద్ధాంతమా?" అనేవాళ్ళుంటారు. పెద్దావిడకి కింద చోటు దొరకాలి, అందులో రెండోమాట లేదు. అది దొరికించాల్సిన పూచీ ఎవరిదన్నదే నా ప్రశ్న. ఇక్కడ చాలామందికి తెలియని రూలొకటుంది. ఆ కింది బెర్తుల కోటా, టికెట్టు మీద ఒక్కరే ఉంటేనో, ఆ వయసువాళ్ళే ఇద్దరుంటేనో వర్తిస్తుంది. ఆరుగురికీ కలిపి ఒకే టికెట్టు కొంటే అమ్మగారి డెబ్భై ఏళ్ళూ ఎందుకూ కొరగావు. అమ్మకీ నాన్నకీ విడిగా ఒక టికెట్టు కొని ఉంటే కింది బెర్తులు వచ్చే అవకాశం ఎంతో ఎక్కువ. అది కొడుకు చెయ్యాల్సిన అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలు మిగుల్చుకుని, నా రాత్రిని ఖర్చు పెట్టబోయాడు. అప్పటికీ దొరక్కపోతే, ఖాళీగా మిగిలిన కింది బెర్తుల్ని పెద్దవాళ్ళకీ గర్భిణీలకీ ఇచ్చే అధికారం టి.టి.ఇ.కి ఉంది. అడగాల్సింది ఆయన్ని. ఆయన నల్లకోటు దగ్గరికి వెళ్ళడానికి మొహమాటం, నా చీరకొంగు దగ్గరికి రావడానికి మటుకు లేదు.

ఇక వేళ సంగతి. రాత్రి పది నించి ఉదయం ఆరు దాకా నిద్రవేళ అని రైల్వేబోర్డు 2017లో చెప్పింది. అంతకుముందు తొమ్మిది నించే ఉండేది. పది దాకా కింది బెర్తు మీద అందరూ కూర్చోవచ్చు, న్యాయమే. కానీ పదకొండయినా మీ కాళ్ళ దగ్గర కూర్చుని పులిహోర తింటూ రాజకీయాలు మాట్లాడే పెద్దమనుషుల్ని లేవమని చూడండి. మీ కాళ్ళు ముడుచుకోవడమే సులువని తేలుతుంది. 1977లో రైల్వేమంత్రి అయిన మధు దండవతేగారు రెండో తరగతి చెక్కబల్లల మీద రెండంగుళాల ఫోము వేయించారు. మహానుభావుడు, బల్ల మెత్తబడింది. ఆ మెత్తదనం మీద కాళ్ళు బారజాపుకోవడం మటుకు ఇంకా మనకి చేతకాలేదు.

పరాయివాళ్ళని ఇంతసేపు తిట్టాను గనక, ఇంటివాళ్ళని వదిలిపెడితే పక్షపాతం అవుతుంది.

కుటుంబమంతా కలిసి వెళ్ళేటప్పుడు రాత్రి కాపలా ఎవరిది? ఎవరూ నోరు తెరిచి చెప్పరు. కానీ హేండ్‌బాగు తలకింద పెట్టుకునేది ఎవరు? పిల్లవాడు దొర్లి పడిపోకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ చెయ్యి తిమ్మిరెక్కినా కదపనిది ఎవరు? బండి ఆగినప్పుడల్లా తలెత్తి, బెర్తు కిందికి వొంగి, పెట్టెలు లెక్కపెట్టేది ఎవరు? పైనించి ఆయన గురక రైలు చప్పుడుతో పోటీ పడుతూ ఉంటుంది. హైదరాబాదు నించి సాయంత్రం బయల్దేరిన విశాఖపట్నం బండి సామర్లకోట చేరేసరికి ఏ ఝామో అవుతుంది. కాకినాడవాళ్ళు అక్కడే దిగాలి. "సామర్లకోట వస్తే లేపు, నువ్వెలాగూ నిద్రపోవుగా" అనేసి ఆయన దుప్పటి ముసుగు పెడతారు. చూశారా ఆ తర్కం! నాకు నిద్ర పట్టదు కాబట్టి కాపలా నాది. కాపలా నాది కాబట్టి నాకు నిద్ర పట్టదు. ఆయన జేబులో ఉన్న ఫోనులో అలారం ఉంటుంది. ప్రపంచంలో ఏ మూల ఏ మ్యాచి జరిగినా తెల్లవారుజామున లేపుతుంది. సామర్లకోటకి మటుకు పనికిరాదు.

ఇందులో మన పాలూ ఉంది. "రైలెక్కితే నాకు కన్ను మూతపడదమ్మా" అని మా అత్తగారు ఎంతో గొప్పగా చెప్పేవారు, పతకం సంపాదించినట్టు. ఆ పతకాన్ని మనం కూడా మెళ్ళో వేసుకుని తిరుగుతున్నాం. దాని ఖరీదు మర్నాడు తెలుస్తుంది. పెళ్ళివారింట దిగగానే "ప్రయాణపు బడలిక" అని రాత్రంతా గురకపెట్టినవాళ్ళు మళ్ళీ పదింటిదాకా పడుకుంటారు. రాత్రంతా మేలుకున్న మనిషి నాలుగు చెంబులు నీళ్ళు పోసుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్తుంది. వంటిల్లు ఎవరిదైనా సరే.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళ మెలకువ వేరు. అది భయంతో వచ్చే మెలకువ. స్లీపరు పెట్టెలో తెరలుండవు. సైడు బెర్తులో ఆడపిల్ల పడుకుంటే, దారిన పోయే ప్రతి మనిషీ ఆమెని రాసుకుంటూ పోవలసిందే. కొందరు అవసరమైన దానికంటే ఎక్కువసార్లు పోతారు. ఇక ఆర్.ఏ.సి. టికెట్టైతే ఒక సైడు బెర్తుని ఇద్దరికి పంచుతారు. మాకు తెలిసిన అమ్మాయి ఒకతె ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తూ అలా ఒక అపరిచితుడితో సగం బెర్తు పంచుకుంది. పాపం అతను మర్యాదస్థుడే. ఆ మర్యాద కోసం అతనూ, భయం కోసం ఈ పిల్లా, ఇద్దరూ మోకాళ్ళు ముడుచుకుని తెల్లవార్లూ కూర్చున్నారు. పొద్దున్న తొమ్మిదింటికి ఆ పిల్ల కళ్ళు చింతనిప్పుల్లా పెట్టుకుని ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చుంది. అక్కడ ఎవరూ "కాస్త సర్దుకుని మార్కులేస్తాం" అనలేదు.

నేను బి.ఏ.లో హిస్టరీ చదువుకున్నదాన్ని, పాతవి తవ్వకపోతే తోచదు. 1890 నాటి రైల్వే చట్టంలోనే ప్రతి ప్రయాణికుల బండిలోనూ అన్నిటికంటే తక్కువ తరగతిలో ఒక గది ఆడవాళ్ళకే ఉంచాలనీ, యాభై మైళ్ళు దాటి వెళ్ళే బండైతే అందులో పాయిఖానా కూడా ఉండాలనీ రాశారు. తెల్లదొరలకి కూడా తోచిందన్నమాట, మనకీ సుఖంగా, భయం లేకుండా ప్రయాణం చేసే అవసరం ఉంటుందని. ఇప్పుడు స్లీపరు క్లాసులో విడి గది లేదు గానీ, దూరప్రయాణం మెయిలు, ఎక్స్‌ప్రెస్ బళ్ళలో ఏ వయసు ఆడవాళ్ళకైనా అని ఆరు బెర్తుల కోటా ఉంది. టికెట్టు కొనేటప్పుడు "లేడీస్" అని అడిగితేనే వస్తుంది. 2020లో రైల్వే పోలీసువాళ్ళు "మేరీ సహేలీ" అని ఒకటి మొదలుపెట్టారు. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళని బండి బయల్దేరేచోట పలకరించి, బెర్తు నంబరు రాసుకుని, దారిలో కనిపెట్టి ఉండడానికి. ఆపదొస్తే 139కి ఫోను చెయ్యొచ్చు. ఇవి ఉన్నాయని ఆడపిల్లలకి చెప్పేవాళ్ళు తక్కువ. "ఒంటరిగా ఎందుకు బయల్దేరావు? రాత్రి నిద్రపోకు సుమా!" అని చెప్పేవాళ్ళు మటుకు ఇంటికి నలుగురు. ఆ నలుగురూ ప్రేమతోనే చెప్తారు. కానీ దొంగ మేలుకుంటాడని ఆడపిల్లని మేలుకోమనడం ఏం న్యాయం? కాపలాకి జీతాలు తీసుకునేవాళ్ళు మేలుకోవాలిగానీ!

"ఇంత బాధెందుకు, ఏసీలో వెళ్ళొచ్చుగా" అని సలహా ఇచ్చే స్నేహితురాళ్ళున్నారు. ఆ టికెట్టు ధర అందరి పర్సులోనూ పట్టదు. పట్టినా, థర్డ్ ఏసీలోనూ బెర్తులు మూడంతస్తులే, అక్కడా అదే మాట. కాకపోతే ఇంగ్లీషులో. "మేడమ్, కెన్ యూ అడ్జస్ట్ ప్లీజ్?"

అంచేత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరైనా బెర్తు అడిగితే వెంటనే లేవను, వెంటనే కాదనను. "ముందు టి.టి.ఇ.ని అడిగారా? పక్కనున్న అబ్బాయిల్ని అడిగారా?" అంటాను. అడిగి కూడా దొరకలేదంటే, గర్భిణికో, కాలు విరిగినవాళ్ళకో, నాకంటే పెద్దావిడకో ఇచ్చేస్తాను. ఇప్పటిదాకా ఆ అవసరం ఒక్కసారే వచ్చింది. మొదటి ప్రశ్నకే చాలామంది "ఆహా, ఫరవాలేదులెండి" అని వెళ్ళిపోతారు. వెళ్తూ వెళ్తూ కొందరు గొణుక్కుంటారు కూడా. గొణగనివ్వండి, దుప్పటి చెవులదాకా లాక్కుంటే వినబడదు.

వచ్చేనెల మళ్ళీ సామర్లకోట ప్రయాణం ఉంది. టికెట్లు విడివిడిగా కొన్నాం. నాకు కిందది వచ్చింది, మావారికి పైది. అలారం ఆయన ఫోనులో పెట్టించాను. పెట్టెలకి కట్టే గొలుసు తాళంచెవి కూడా ఆయనకే ఇస్తానన్నాను. "మరి నాకు మెలకువ రాకపోతే?" అన్నారు.

"విశాఖపట్నంలో దిగుదాం" అన్నాను.